విప్పే ముందు కొలవండి



వేసవి మొదలైందంటే చెరువుల్లో పూడికతీత, కాలువల తవ్వకం, రోడ్ల పనులు ఒక్కసారిగా ఊపందుకుంటాయి. వాటిలో చాలా పని పొక్లెయిన్ మీదే నడుస్తుంది. ఆ యంత్రం గంటల లెక్కన అద్దెకు తిరుగుతుంది. అది ఆగితే వెనకాల వరుసలో ఉన్న టిప్పర్లూ ఆగుతాయి. అప్పుడు సైటులో అందరి నోటా ఒకే ప్రశ్న: "ఏం పోయింది?" జవాబులకేం కొదవ ఉండదు. పంపు పోయిందని ఒకరంటారు, కంప్యూటర్ పోయిందని ఇంకొకరంటారు. చీకటి పడేలోగా పంపు కిందికి దిగిపోతుంది. దించడానికి కూలీ, కొత్త కిట్టుకు డబ్బు, మళ్లీ ఎక్కించడానికి ఇంకో రోజు. తీరా చూస్తే లోపం వైర్లను కలిపే ఏ కప్లర్‌లోనో చిలుము పట్టిన ఒక్క పిన్నులో ఉంటుంది.

ఈ నష్టం చాలావరకు తప్పించుకోవచ్చు. లోపం కరెంటు వైపు ఉందా, ఆయిల్ వైపు ఉందా అన్నది స్పానర్ పట్టకముందే తేల్చుకునే దారి ఉంది. సరైన ప్రశ్నలు నాలుగు, ఒక మల్టీమీటరు, రెండు ప్రెషర్ గేజిలు చాలు. ఆ దారి గురించే ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు యంత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. మనకు ఎక్కువగా కనిపించే 20 టన్నుల తరగతి యంత్రాన్నే తీసుకుందాం. డీజిల్ ఇంజిన్‌కు తగిలించి రెండు మెయిన్ పంపులు, ఒక చిన్న పైలట్ పంపు ఉంటాయి. బూమ్, ఆర్మ్, బకెట్ సిలిండర్లకూ, స్వింగ్, ట్రావెల్ మోటార్లకూ ఆయిల్ పంపేవి మెయిన్ పంపులు. వీటి గరిష్ఠ పీడనం దాదాపు 350 బార్. కారు టైరులో గాలి పీడనం రెండు బార్లకు కాస్త పైన ఉంటుంది, అంతే. 120 మిల్లీమీటర్ల లోవ్యాసం ఉన్న సిలిండరులో 350 బార్ పీడనం పిస్టన్‌ను సుమారు 40 టన్నుల బలంతో నెడుతుంది.

పైలట్ పంపుది మాత్రం 40 బార్ లోపు వ్యవహారం. ఆపరేటర్ జాయ్‌స్టిక్ కదిపినప్పుడు ముందుగా కదిలేది ఈ పైలట్ ఆయిలే. అది సన్నని హోసు గుండా వెళ్లి, మెయిన్ కంట్రోల్ వాల్వులో ఉన్న స్పూల్‌ను పక్కకు నెడుతుంది. కాలువ మీద షట్టరు ఎత్తినట్టు స్పూల్ దారి తెరుస్తుంది. అప్పుడు మెయిన్ పంపు ఆయిల్ సిలిండరులోకి పారుతుంది.

దీనికి తోడు కరెంటు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపితే 24 వోల్టులు. కంట్రోలర్ అనే చిన్న కంప్యూటర్ సెన్సార్ల కబురు విని, సోలనాయిడ్ వాల్వులకు కరెంటు పంపుతుంది. పైలట్ ఆయిల్ జాయ్‌స్టిక్ దాకా వెళ్లాలా వద్దా, పంపు ఎంత ఆయిల్ ఇవ్వాలి, ట్రావెల్ నెమ్మదిగానా వేగంగానా, ఇవన్నీ సోలనాయిడ్ల చేతిలో ఉంటాయి. కొన్ని కొత్త మోడళ్లలో జాయ్‌స్టిక్ కూడా కరెంటుదే. మొత్తమ్మీద ఈ యంత్రంలో బలం ఆయిల్‌ది, ఆజ్ఞ కరెంటుది. బొగ్గు గనుల్లో తాళ్లతో నడిచే రోప్ షావెల్‌కు తాడు తెగితే దూరం నుంచే కనిపిస్తుంది. ఇక్కడ ఆజ్ఞ వైరు లోపల, బలం గొట్టం లోపల దాగి ఉంటాయి. అందుకే కంటితో చూసి తీర్పు చెప్పలేం, కొలవాల్సిందే.

కొలిచే ముందు ప్రశ్నలు. మొదటిది: అన్ని కదలికలూ పోయాయా, కొన్నేనా, ఒక్కటేనా?

ఇంజిన్ శుభ్రంగా నడుస్తోంది, కానీ బూమ్ లేవదు, స్వింగ్ తిరగదు, బండి కదలదు అనుకోండి. రెండు మెయిన్ పంపులు ఒకే గంటలో చనిపోవడం అరుదు. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతకాలి. ట్యాంకులో ఆయిల్ ఉందా చూడాలి. తర్వాత సీటు పక్కనున్న సేఫ్టీ లివర్, దాని కింది స్విచ్చు, ఆ లైను ఫ్యూజు, పైలట్ ఆయిల్‌ను వదిలే సోలనాయిడ్. ఇవన్నీ బాగుండి, పైలట్ గేజిలో ముల్లు సున్నా దగ్గరే ఉంటే, పైలట్ పంపునూ, ఇంజిన్‌కూ పంపులకూ మధ్యనున్న కప్లింగునూ అనుమానించాలి.

కొన్ని కదలికలే మందగించాయి, బండి ముందుకు నడిపితే ఒక పక్కకు లాగుతోంది అనుకోండి. రెండు మెయిన్ పంపుల్లో ఒకటి ఒక ట్రాక్‌కూ, రెండోది ఇంకో ట్రాక్‌కూ ఆయిల్ ఇస్తుంది. మిగతా కదలికలను రెండూ పంచుకుంటాయి. ఏ పంపుకు ఏ కదలికో కంపెనీని బట్టి మారుతుంది, ఆ పటం యంత్రం మాన్యువల్‌లో ఉంటుంది. మందగించిన కదలికలన్నీ ఒకే పంపు కిందివైతే, ఆ పంపు దగ్గరికో, దాన్ని అదుపు చేసే రెగ్యులేటర్ దగ్గరికో వెళ్లాలి.

ఒకే కదలిక, అందులోనూ ఒకే దిక్కున బలహీనంగా ఉంటే పంపును మరిచిపోవచ్చు. ఉదాహరణకు బకెట్ తెరవడం బాగుంది, మూయడం బాగాలేదు. అప్పుడు ఒక తేలికైన పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి, పీడనం వదిలేసి, బకెట్ స్పూల్‌కు రెండు వైపులా వచ్చే పైలట్ హోసులను అటుది ఇటు, ఇటుది అటు మార్చాలి. ఇప్పుడు తెరవడం బలహీనమై, మూయడం బాగుపడితే లోపం జాయ్‌స్టిక్ వైపు ఉంది. మూయడమే ఇంకా బలహీనంగా ఉంటే లోపం స్పూల్ వైపు, పీడనం హద్దు దాటకుండా కాపాడే రిలీఫ్ వాల్వు వైపు ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి. హోసులు మార్చాక లివర్ ఒకవైపు లాగితే బకెట్ ఇంకోవైపు కదులుతుంది. చుట్టూ మనుషులెవరూ లేకుండా చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి.

రెండో ప్రశ్న: తగ్గింది బలమా, వేగమా? చాలామంది ఈ రెంటినీ కలిపి "పవర్ లేదు" అనేస్తారు. బకెట్ బండరాయి దగ్గర నిలబడిపోతే అది బలం లోపం, అంటే పీడనం చాలడం లేదు. రాయిని పెకలిస్తోంది కానీ తాపీగా కదులుతోంది అంటే అది వేగం లోపం, అంటే ఆయిల్ పరిమాణం చాలడం లేదు. బూమ్‌ను చివరిదాకా ఎత్తి ఒకటి రెండు సెకన్లు పట్టి ఉంచితే గేజిలో గరిష్ఠ పీడనం తెలుస్తుంది. అది మాన్యువల్ చెప్పినంత ఉండి, కదలిక మాత్రం మందంగా ఉంటే, రిలీఫ్ వాల్వు బిగించడం వృథా ప్రయాస. అంతకన్నా ప్రమాదం కూడా. అసలు లోపం అక్కడ లేదు, పైగా హోసులూ సీళ్లూ ఓర్చుకోలేని పీడనానికి తలుపు తెరిచినట్టవుతుంది.

మూడో ప్రశ్న: వేడెక్కాక వస్తోందా, పొద్దున్నే వస్తోందా? పొద్దున బాగా నడిచి మధ్యాహ్నానికి మందగిస్తే, వేడికి పలచబడ్డ ఆయిల్ అరిగిన భాగాల సందుల్లోంచి లోపల్లోపలే జారిపోతోందని అనుమానించాలి. రేడియేటర్, ఆయిల్ కూలర్ దుమ్ముతో మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లకు ఆ రాతిపొడి సంగతి నేను చెప్పనక్కర్లేదు. అయితే ఒక మెలిక ఉంది. సోలనాయిడ్ కాయిల్‌లో సన్నని తీగ చిట్లితే అది కూడా వేడికి విడిపోయి, చల్లబడ్డాక మళ్లీ కలుస్తుంది. మెల్లమెల్లగా మందగిస్తే ఆయిల్ వైపు, స్విచ్చు ఆపినట్టు ఒక్కసారిగా పోయి, కాసేపటికి దానంతటదే వస్తే కరెంటు వైపు వెతకడం మొదలుపెట్టాలి.

నాలుగో ప్రశ్న చాలామంది అడగనే అడగరు: లోపం రావడానికి ముందు ఏం జరిగింది? వాన పడిందా, యంత్రాన్ని ప్రెషర్ నీళ్లతో కడిగారా, ఆయిల్ మార్చారా, బకెట్ పళ్లకు వెల్డింగ్ చేశారా? వెల్డింగ్ సంగతి ముఖ్యం. బ్యాటరీ విప్పకుండా, ఎర్త్ క్లాంపును దూరంగా ఎక్కడో ట్రాక్ చైనుకు తగిలించి బకెట్‌కు వెల్డింగ్ చేస్తే, వందల ఆంపియర్ల కరెంటు పిన్నుల గుండా, స్వింగ్ బేరింగ్ గుండా దారి వెతుక్కుంటుంది. కంట్రోలర్ కాలిపోవడానికి ఇదొక కారణం. బ్యాటరీ కేబుళ్లు విప్పి, మాన్యువల్ చెబితే కంట్రోలర్ కప్లర్లు కూడా తీసి, ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే చోటుకు దగ్గరగా, అదే ముక్కకు పెట్టాలి.

ఇక కొలతలకు వద్దాం. ఎక్కడ నిలబడి కొలవాలి? నా జవాబు: సోలనాయిడ్ దగ్గర. కరెంటు ముగిసి ఆయిల్ మొదలయ్యే హద్దు అది. అక్కడ తీర్పు దొరికితే సగం యంత్రాన్ని పక్కన పెట్టేయవచ్చు.

ఆన్, ఆఫ్ రకం సోలనాయిడ్‌తో మొదలుపెడదాం. ఆపరేటర్‌ను స్విచ్చు వేయమని చెప్పి, కాయిల్ కొసన ఉండే నట్టు దగ్గర స్క్రూడ్రైవర్ మొన పెట్టి చూడండి. అయస్కాంతంలా లాగితే కరెంటు అందుతోంది. లాగినా అవతల గేజిలో పీడనం మారకపోతే, లోపలి వాల్వు పట్టేసింది, లేదా దానికి ఆయిలే రావడం లేదు. కరెంటు వైపు వెతకడం అక్కడితో ఆపేయవచ్చు. లాగకపోతే వోల్టులు కొలవాలి. వోల్టులు సరిగ్గా ఉండీ లాగడం లేదంటే కాయిల్ పోయినట్టే, ఓమ్‌లలో కొలిస్తే తేలిపోతుంది. వోల్టులే లేకపోతే వైరు పట్టుకుని వెనక్కి నడవాలి.

ఇక్కడ మల్టీమీటరు ఒక మోసం చేస్తుంది. కప్లర్ ఊడదీసి, ఖాళీ పిన్నుల మధ్య కొలిస్తే 24 వోల్టులు చూపిస్తుంది. వైరు బాగుందనుకుంటాం. కానీ మీటరు లాగే కరెంటు లేనట్టే లెక్క. వైరులో ఒకే ఒక్క పోగు మిగిలి ఉన్నా 24 వోల్టులూ కనిపిస్తాయి. కాయిల్ తగిలించాకే అసలు రంగు బయటపడుతుంది. ఒక లెక్క చూడండి. కాయిల్ 24 ఓమ్‌లు అనుకుందాం. వైరు బాగుంటే ఒక ఆంపియర్ పారాలి. మధ్యలో ఒక కప్లర్ చిలుము పట్టి 8 ఓమ్‌ల అడ్డు పెట్టింది. ఇప్పుడు మొత్తం 32 ఓమ్‌లు, పారేది ముప్పాతిక ఆంపియర్, కాయిల్‌కు అందేది 18 వోల్టులే. వాల్వు కదిలీ కదలనట్టు ఊగిసలాడుతుంది. అందుకే కప్లర్ తగిలించి ఉంచి, వెనక నుంచి సన్నని సూది మొన పెట్టి, పని చేయిస్తూ కొలవాలి. ఎర్త్ వైపు కూడా అలాగే. బ్యాటరీ మైనస్‌కూ కాయిల్ ఎర్త్ పిన్నుకూ మధ్య, పని జరుగుతుండగా అర వోల్టుకు మించి కనిపిస్తే, ఆ ఎర్త్ బోల్టు కింద తుప్పో పెయింటో ఉంటుంది.

పాతకాలం టెస్ట్ ల్యాంపు ఫ్యూజు లైన్ల దగ్గర ఇప్పటికీ మంచిదే. అది కరెంటు లాగుతుంది కనుక బలహీనమైన వైరు దొరికిపోతుంది. కానీ కంట్రోలర్ వైర్ల మీదా, సెన్సార్ వైర్ల మీదా టెస్ట్ ల్యాంపు పెట్టకూడదు.

సెన్సార్ల తీరు వేరు. ప్రెషర్ సెన్సార్‌కు సాధారణంగా మూడు వైర్లు: 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సిగ్నల్. సిగ్నల్ చాలా వాటిలో అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల మధ్య తిరుగుతుంది. ఒకేసారి నాలుగైదు సెన్సార్ల కోడ్‌లు తెర మీదికొస్తే నాలుగైదు సెన్సార్లు కొనకండి. ఆ 5 వోల్టుల సరఫరా చాలా సెన్సార్లకు ఉమ్మడిగా ఉంటుంది. ఒక సెన్సార్ లోపల షార్ట్ అయితే అందరి సరఫరానూ కిందికి లాగేస్తుంది. ఒక్కో కప్లర్ ఊడదీస్తూ పోండి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తాయో అదే దోషి. ఏది తీసినా రాకపోతే వైరే ఎక్కడో బాడీకి తగులుతోంది.

తెర మీద కోడ్ వస్తే చాలు, ఆ భాగం పోయిందనుకోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. కోడ్ చెప్పేది భాగం పేరు కాదు, సర్క్యూట్ పేరు. కంట్రోలర్‌కు కనిపించేది తన పిన్ను దగ్గరి వోల్టులూ ఆంపియర్లే. వైరు అవతల ఏముందో దానికి తెలియదు. జే 1939 అనే కోడ్‌ల పద్ధతి వాడే యంత్రాల్లో కోడ్ చివర ఒక అంకె ఉంటుంది. 3 అంటే వోల్టేజి ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంటు తక్కువ, అంటే దాదాపు వైరు తెగినట్టు, 6 అంటే కరెంటు ఎక్కువ, అంటే ఎర్త్‌కు తగిలినట్టు. ఆ ఒక్క అంకె చదివితే వెతుకులాట సగానికి తగ్గుతుంది.

కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైనుకు ఉండే రెండు వైర్ల పరీక్ష కూడా ఇంతే సులువు. బ్యాటరీ విప్పి ఆ రెండు వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. ఎందుకంటే రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉంటాయి. 120 వస్తే ఒక కొస తెగింది. సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఎక్కడో ఒకదానికొకటి తగిలాయి.

ఇప్పుడు ఒక యంత్రాన్ని ఊహించుకుని ఇదంతా దానిమీద వాడి చూద్దాం. రాత్రి వాన పడింది. పొద్దున స్టార్ట్ చేస్తే ఇంజిన్ బాగుంది. బకెట్ మట్టిలో దించగానే ఇంజిన్ మొరాయించి, నల్లపొగ కక్కి ఆగిపోతోంది. డీజిల్ ఫిల్టర్లు మార్చినా మార్పు లేదు. తర్వాతి ఆలోచన ఇంజెక్టర్లు దించడమే.

ఒక్క నిమిషం ఆగుదాం. రెండు మెయిన్ పంపులూ చెరో 200 లీటర్ల ఆయిల్‌ను, 350 బార్ పీడనం దగ్గర, ప్రతి నిమిషం ఇవ్వాలంటే 230 కిలోవాట్లకు పైగా శక్తి కావాలి. ఈ తరగతి ఇంజిన్ ఇచ్చేది సుమారు 110. మరి రోజూ ఎలా నడుస్తోంది? పీడనం పెరిగేకొద్దీ పంపు తన ఆయిల్‌ను తగ్గించుకుంటుంది. ఎంత తగ్గించుకోవాలో కంట్రోలర్ కరెంటును బట్టి కొద్దికొద్దిగా తెరుచుకునే ఒక ప్రపోర్షనల్ సోలనాయిడ్ ద్వారా, మిల్లీ ఆంపియర్లలో చెబుతుంది. ఆ కరెంటు ఆగిపోతే కొన్ని మోడళ్లలో పంపు పూర్తి భారం ఇంజిన్ మీద వేస్తుంది, ఇంజిన్ కూలబడుతుంది. ఇంకొన్ని మోడళ్లలో తలకిందులు: కరెంటు పోతే పంపు తగ్గిపోయి యంత్రం నెమ్మదిస్తుంది. మన యంత్రం మొదటి రకం అనుకుందాం.

ఇలాంటి చాలా యంత్రాల్లో క్యాబిన్‌లో ఒక ఎమర్జెన్సీ స్విచ్చు ఉంటుంది. అది కంట్రోలర్‌ను పక్కన పెట్టి, ఒక రెసిస్టర్ గుండా ఆ సోలనాయిడ్‌కు స్థిరమైన కరెంటు ఇస్తుంది. అది వేసి తవ్వమన్నాం. ఇంజిన్ ఆగలేదు, పని సాగింది. ఆ ఒక్క పరీక్షతో ఇంజెక్టర్లు, పంపు, సోలనాయిడ్ నిర్దోషులని తేలిపోయింది. మిగిలింది కంట్రోలర్, దాని నుంచి వచ్చే వైరు. స్విచ్చు మళ్లీ మామూలుకు మార్చి, ఆ లైనులో మీటరును ఆంపియర్ల మీద వరుసగా కలిపి, వైర్ల కట్టను అంగుళం అంగుళం కదిపితే, సీటు వెనక ఒకచోట ముల్లు ఎగిరిపడింది. టేపు విప్పితే ఎలుక కొరికిన వైరు, దానిమీద వాన తడి. ఖర్చు ఒక జాన వైరు, కాస్త సోల్డరింగు. ఫిల్టర్లకు పెట్టిన డబ్బు మాత్రం పోయినట్టే.

ఆయిల్ వైపు కొలిచేటప్పుడు జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. బకెట్ నేలమీద ఆనించాలి. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, జాయ్‌స్టిక్‌లను అన్ని వైపులా కదిపి మిగిలిన పీడనం వదలాలి. ట్యాంకులోని గాలి పీడనం కూడా మూత దగ్గర వదలాలి. మెయిన్ లైనుకు 600 బార్ గేజి, పైలట్ లైనుకు 60 బార్ గేజి. ఇవి తారుమారైతే చిన్న గేజి ముఖం మీదే పగులుతుంది. ఆయిల్ 45 నుంచి 55 డిగ్రీల వేడికి వచ్చాకే కొలవాలి, లేకపోతే అంకెలకు అర్థం ఉండదు.

ఎత్తి ఉన్న బూమ్ కింద తల పెట్టవద్దు. హోసు లీకును చేత్తో తడిమి వెతకవద్దు, ఒక అట్టముక్క వాడండి. అంత పీడనంతో చిమ్మే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు. లోపల కండ కుళ్లడం మొదలవుతుంది. అది గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన గాయం. ఆసుపత్రికి వెళ్లగానే "హైడ్రాలిక్ ఆయిల్ ప్రెషర్‌తో లోపలికి పోయింది" అని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. ఇంకొకటి: పరీక్ష కోసం సేఫ్టీ లివర్ స్విచ్చుకు జంపర్ వైరు వేసినవాళ్లు, పరీక్ష ముగియగానే దాన్ని తీసేయాలి. అది అలాగే ఉండిపోతే, ఆపరేటర్ దిగేటప్పుడు మోకాలు జాయ్‌స్టిక్‌కు తగిలినా బకెట్ కదులుతుంది. కింద ఎవరు నిలబడి ఉంటారో మనకు తెలియదు.

ఐటీఐల్లో చదువుతున్న పిల్లలకు, గల్ఫ్ వెళ్లి ఇదే పని చేస్తున్న మన కుర్రాళ్లకు ఒక మాట. ల్యాప్‌టాప్ తగిలిస్తే యంత్రమే తన జబ్బు చెప్పేస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. ల్యాప్‌టాప్ కూడా కంట్రోలర్ చూసినదాన్నే చూపిస్తుంది. పట్టేసిన స్పూల్, అరిగిన సీలు, సగం తెగిన వైరు ఏ తెర మీదా పేరుతో కనిపించవు. యంత్రం హైడ్రాలిక్ పటం, కరెంటు పటం రెండూ పక్కపక్కన పరుచుకుని, సోలనాయిడ్ల దగ్గర రెంటినీ కలిపి చదవడం వచ్చినవాడికి ఏ కంపెనీ యంత్రమైనా ఒకటే.

ఆపరేటర్లకు, యజమానులకు కూడా ఒక పని చెబుతాను. మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు "బండి లాగట్లేదు" అని ఊరుకోవద్దు. ఏయే కదలికలు, బలమా వేగమా, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, అంతకుముందు ఏం జరిగింది, ఈ నాలుగూ చెప్పండి. అతను ఏ గేజి తెచ్చుకోవాలో, ఏ వైరు తెచ్చుకోవాలో ఆ ఫోన్‌లోనే నిర్ణయించుకుంటాడు.

యంత్రం బాగున్న రోజే మెకానిక్‌ను ఒకసారి పిలిచి, పైలట్ పీడనం, రెండు పంపుల పీడనం, స్వింగ్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సెకన్లు, బూమ్ పూర్తిగా లేవడానికి పట్టే సెకన్లు, ముఖ్యమైన సోలనాయిడ్ల ఓమ్‌లు కొలిపించి, ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాయించండి. మాన్యువల్ చెప్పేది కొత్త యంత్రం సంగతి. మీ యంత్రానికి ఏది మామూలో చెప్పేది ఆ పుస్తకమే. రేపు ఆ అంకెల్లో ఏది మారిందో చూస్తే, ఎక్కడ విప్పాలో ఒక్కటే కాదు, అసలు విప్పాలో వద్దో కూడా తెలుస్తుంది.